స్క్రీన్ ఆరిపోయే ఆ రెండు సెకన్లు: ‘డిస్‌ప్లే డ్రైవర్’ నింద ఎక్కడ మొదలైంది?

గేమ్ మంచి ఊపులో ఉంటుంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడుతుంది. హెడ్‌ఫోన్‌లో తుపాకుల మోత ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, అవతల ఫ్రెండ్స్ పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు. క్షణం తర్వాత స్క్రీన్ వెలుగుతుంది కానీ గేమ్ ఉండదు, ఖాళీ డెస్క్‌టాప్ ఉంటుంది. మూలన చిన్న సందేశం: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది, తిరిగి కోలుకుంది. (డ్రైవర్ అంటే విండోస్‌కు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు మధ్య మాట్లాడే ప్రోగ్రామ్.) గేమ్ మళ్లీ తెరిస్తే మూడు గంటలు ఏమీ కాదు. మర్నాడు పది నిమిషాలకే మళ్లీ అదే.

ఎప్పుడూ వచ్చే తప్పును పట్టుకోవడం తేలిక. వచ్చి పోయే తప్పుతోనే టెన్షన్ అంతా. సర్వీస్ షాపుకు తీసుకెళ్తే అక్కడ సిస్టమ్ బుద్ధిగా నడుస్తుంది. ‘బానే ఉంది కదండీ’ అంటారు. ఇంటికి తెచ్చాక ఆ రాత్రే మళ్లీ పడిపోతుంది. సందేశంలో డ్రైవర్ పేరే ఉంది కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. కొత్త డ్రైవర్ వేస్తారు, పాతది వేస్తారు, చివరికి విండోస్‌ను ఫార్మాట్ కొడతారు. చాలామందికి వారాలు పోయేది ఇక్కడే. ఆ సందేశం చెప్పేది డ్రైవర్ పడిపోయిందని మాత్రమే. ఎవరు తోస్తే పడిందో అందులో ఉండదు. అది అలా ఎందుకు తయారైందో తెలియాలంటే దాదాపు ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఆఫీసుల కోసం చేసిన విండోస్ ఎన్‌టీలో స్క్రీన్ మీద బొమ్మ గీసే భాగం, గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌కు బయట ఉండేవి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గర్భగుడి. బయట మండపంలో ఎవరైనా జారిపడితే లేపి కూర్చోబెట్టవచ్చు, లోపల ఏదైనా జరిగితే గుడి మొత్తం మూసేయాల్సిందే. బయట ఉంటే భద్రమే గానీ బొమ్మ గీయడం నెమ్మదిగా సాగేది. అందుకని 1996లో వచ్చిన ఎన్‌టీ 4.0లో మైక్రోసాఫ్ట్ ఆ భాగాన్ని, దాంతో పాటు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి తెచ్చింది. వేగం పెరిగింది. కార్డు తయారుచేసే కంపెనీ రాసిన ప్రోగ్రామ్‌లో ఒక్క పొరపాటు ఉన్నా కంప్యూటర్ మొత్తం కూలిపోయే రోజులూ అప్పుడే వచ్చాయి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఆ పద్ధతినే మన ఇళ్లకు, నెట్ సెంటర్లకు తెచ్చింది. ఆ నెట్ సెంటర్లలో గేమ్‌లు ఆడిన తరానికి ఒక నీలం స్క్రీన్ గుర్తుండే ఉంటుంది. డ్రైవర్ అంతులేని లూపులో చిక్కుకుపోయిందని రాసి, ఎన్విడియా కార్డయితే ‘ఎన్‌వీ4_డిస్ప్’, ఏటీఐ కార్డయితే ‘ఏటీఐ2డీవీఏజీ’ అనే ఫైల్ పేరు చూపించేది. కార్డు పని పూర్తి చేసి జవాబిస్తుందని డ్రైవర్ ఎదురుచూస్తూ ఉండేది, ఆ జవాబు ఎప్పటికీ వచ్చేది కాదు. కార్డు వేడెక్కిందా, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ సరిపోవడం లేదా, మదర్‌బోర్డు చిప్‌సెట్‌కు కార్డుకు పొసగడం లేదా అన్నది ఆ నీలం స్క్రీన్‌కు తెలియదు. ఎదురుచూస్తూ నిలబడిపోయిన ఫైల్ పేరు మాత్రం తెలుసు. దాన్నే రాసేది. డ్రైవర్ మీద నింద అక్కడ మొదలైందని నా అభిప్రాయం.

2007 జనవరి 30న విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తిట్టని వాళ్లు తక్కువ. అయితే ఈ ఒక్క విషయంలో దానికి రావాల్సిన మంచి పేరు రాలేదని నేను నమ్ముతాను. విస్టాతో డ్రైవర్ నిర్మాణాన్నే మార్చారు. డ్రైవర్‌లో పెద్ద భాగాన్ని కెర్నల్ బయటికి పంపి, తప్పనిసరైన చిన్న భాగాన్నే లోపల ఉంచారు. దానికి కాపలాగా టీడీఆర్ (టైమౌట్ డిటెక్షన్ అండ్ రికవరీ) అనే ఏర్పాటు పెట్టారు. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చిన పని రెండు సెకన్లలో పూర్తికాక, పక్కన పెట్టమన్నా అది పక్కన పెట్టలేకపోతే, కార్డు బిగుసుకుపోయిందని విండోస్ తేల్చుకుంటుంది. అప్పుడు కార్డును రీసెట్ చేసి, డ్రైవర్‌ను మళ్లీ నిలబెడుతుంది. స్క్రీన్ నల్లబడి వెలిగేది అందుకే. ఎక్స్‌పీలో మొత్తం సిస్టమ్‌ను పడగొట్టే ప్రమాదం విస్టా నుంచి కొన్ని సెకన్ల అంతరాయంగా తగ్గిపోయింది. ఒక నిమిషంలో ఐదుకు మించి ఇలా జరిగితే మాత్రం విండోస్ ఇక లాభం లేదనుకుని నీలం స్క్రీన్ చూపిస్తుంది. దాని నంబరు 116.

విండోస్ కోలుకున్నా గేమ్ కోలుకోకపోవడానికి కారణం ఉంది. రీసెట్‌తో కార్డు మెమరీలో గేమ్ నింపుకున్న సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని మొదటి నుంచి నింపుకునే ఓపిక చాలా గేమ్‌లకు ఉండదు, మూతపడిపోతాయి.

ఆ రెండు సెకన్ల గడువును, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎనిమిదికో పదికో పెంచుకోమనే సలహా అప్పటి నుంచీ తిరుగుతూనే ఉంది. ఆ సెట్టింగులు డ్రైవర్ రాసేవాళ్లు పరీక్షలు చేసుకోవడానికని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. త్రీడీ రెండరింగ్ లాంటి పనుల్లో కార్డుకు ఒకే పని ఎక్కువసేపు పట్టవచ్చు కాబట్టి అక్కడ దానికి అర్థముంది. సెకనుకు అరవై ఫ్రేములు గీయాల్సిన గేమ్‌లో కార్డు రెండు సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే, పది సెకన్లు ఆగినా అది లేవదు. స్క్రీన్ ఇంకాస్త ఎక్కువసేపు బిగుసుకుపోయి ఉంటుందంతే.

విస్టా తొలి రోజుల్లో డ్రైవర్లు నిజంగానే బాగుండేవి కావు. కొత్త నిర్మాణానికి తగ్గట్టు కంపెనీలు అన్నీ కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. కంప్యూటర్లకు అంటించిన ‘విస్టా కేపబుల్’ (విస్టాకు సరిపోతుంది) స్టిక్కర్ల విషయంలో అమెరికాలో మైక్రోసాఫ్ట్‌పై కేసు నడిచినప్పుడు ఆ సంస్థ లోపలి ఈమెయిల్స్ 2008లో బయటపడ్డాయి. 2007లో కొంతకాలానికి నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్లవి, 17.9 శాతం మైక్రోసాఫ్ట్‌వి, 9.3 శాతం ఏటీఐవి, 8.8 శాతం ఇంటెల్‌వి అని వాటిలో ఉంది. ఎవరి కార్డులు ఎన్ని అమ్ముడయ్యాయో పక్కన పెట్టి చూడకపోతే ఈ లెక్క సగమే. అయినా గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే నమ్మకం లేకపోవడానికి అది కాగితం మీద దొరికిన ఆధారమైంది. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్‌తో కొన్ని కార్డుల ఫ్యాన్లు సరిగా తిరగక వేడెక్కిపోతుంటే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జనం మనసులో డ్రైవర్ దోషిగా స్థిరపడిపోయింది.

2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, మరుసటి ఏడాది వచ్చిన వల్కన్ (గేమ్‌లు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతులు ఇవి) లెక్క మార్చేశాయి. అంతకుముందు కార్డు మెమరీలో ఏది ఎక్కడుంది, ఏ పని తర్వాత ఏ పని జరగాలి అన్నది చాలావరకు డ్రైవరే చూసుకునేది. ఇప్పుడు ఆ బాధ్యతలో పెద్ద వాటా గేమ్ రాసేవాళ్ల చేతికి వెళ్లింది. వేగం వచ్చింది, కానీ గేమ్ చేసిన తప్పు కూడా కార్డును బిగుసుకుపోయేలా చేయగలదు. అప్పుడు విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో నమోదయ్యేది గేమ్ పేరు కాదు. 4101 నంబరుతో మళ్లీ డ్రైవర్ పేరే.

2020 సెప్టెంబర్ 17న ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3080 అమ్మకాలు మొదలయ్యాయి. కొన్ని రోజుల్లోనే గేమ్ మధ్యలో డెస్క్‌టాప్‌కు వచ్చేస్తోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కార్డు తనంతట తాను వేగం పెంచుకుని 2 గిగాహెర్ట్జ్ దాటినప్పుడు ఎక్కువగా పడిపోతోందని వాడేవాళ్లే కనిపెట్టారు. నింద మొదట డ్రైవర్ మీద పడింది, తర్వాత బోర్డు వెనుక చిప్‌కు కరెంటును సర్దే కెపాసిటర్ల మీదికి మళ్లింది. ఆరూ ఒకే రకం కెపాసిటర్లు పెట్టిన తమ తొలి నమూనాలు పరీక్షల్లో నిలబడలేదని ఆ కార్డులు తయారుచేసిన ఈవీజీఏ సంస్థే చెప్పింది. సెప్టెంబర్ 28న ఎన్విడియా 456.55 డ్రైవర్ వదిలాక చాలామందికి సమస్య తగ్గింది. హార్డ్‌వేర్ అంచు మీద నడుస్తుంటే డ్రైవర్ దాన్ని కాస్త వెనక్కి లాగింది. దోషం ఒక చోట ఉన్నా మందు ఇంకో చోట పనిచేయగలదు. ఈ రకం సమస్యల్లో మనల్ని దారి తప్పించేది అదే.

అంతకుముందు ఏడాది వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700 కార్డుల బ్లాక్ స్క్రీన్‌ల సంగతి వేరు. అక్కడ డ్రైవర్లలో సమస్యలున్నాయని కంపెనీయే ఒప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 20.2.2 వెర్షన్ వాటిలో చాలావాటిని సరిచేసింది. కాబట్టి డ్రైవర్ ఎప్పుడూ నిర్దోషి అనడానికి లేదు.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. ఈ తరం కార్డులు సగటున తీసుకునే వాట్లు ఒకటి, సెకనులో అతి చిన్న వంతులో ఒక్కసారిగా లాగేది మరొకటి. ఆ కుదుపు సగటు కంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. అంతకుముందు కొన్నవి, ముఖ్యంగా కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినవి, ఆ కుదుపుకు తట్టుకోలేకపోతే సిస్టమ్ ఆరిపోవచ్చు, లేదా వోల్టేజ్ కాసేపు కుంగి కార్డు తడబడవచ్చు. రెండోదైతే సందేశంలో వచ్చే పేరు మళ్లీ పాతదే.

ఈ నింద ఎంత దూరం పోగలదో 2024లో తేలింది. ఇంటెల్ 13, 14వ తరం కోర్ ప్రాసెసర్లున్న సిస్టమ్‌లలో, ముఖ్యంగా అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్‌లలో, వీడియో మెమరీ చాలడం లేదంటూ గేమ్ కూలిపోయేది. 24 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4090 వాడేవాళ్లకూ అదే సందేశం. పాపం, కొందరు అంత ఖరీదైన కార్డునే మార్పించుకున్నారు. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్లను (వెలుగునీడలు, రంగులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్‌లను) తయారుచేసుకోవడం, కుదించిన డేటాను విప్పడం ప్రాసెసర్ పని. అది తప్పు లెక్క కడితే ఆ తప్పు గ్రాఫిక్స్ దగ్గరికి చేరాకే బయటపడేది. ఏప్రిల్‌లో ఎన్విడియా ఇలాంటి వాళ్లను ఇంటెల్ సపోర్ట్‌ను అడగమంది. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజ్ వెళ్తోందని జూలైలో ఇంటెల్ చెప్పింది. ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణ ఇచ్చింది, సెప్టెంబర్‌లో మరొకటి. వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణలు బాగుచేయలేవు, మార్చుకోవాల్సిందే.

మళ్లీ 2025 జనవరి చివర ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చినప్పుడు బ్లాక్ స్క్రీన్‌ల గొడవ లేచింది. ఈసారి చాలావరకు డ్రైవర్లదే లోపం. ఒకదాని వెంట ఒకటి హాట్‌ఫిక్స్‌లు (హడావుడి సవరణలు) వచ్చాయి. ఏప్రిల్‌లో వచ్చిన 576.02లో పొడవైన సవరణల జాబితాయే ఉంది. ఈలోగా పాత కార్డులున్న చాలామంది 2024 డిసెంబర్ నాటి 566.36 దగ్గరే ఆగిపోయారు. అది తెలివైన పనే.

ఇంత చరిత్ర చదివాక నేను వెతికే వరుస మార్చుకున్నాను. డ్రైవర్‌ను ఒక్కసారే, శుభ్రంగా మార్చాలి. సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) టూల్‌తో పాతది పూర్తిగా తీసేసి, బాగా నడిచిందని పేరున్న ఒక వెర్షన్ వేయాలి. ఆ సమయంలో నెట్ తీసేయాలి, లేకపోతే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను మధ్యలో తెచ్చి పెడుతుంది. ఆ తర్వాత కూడా పడిపోతే డ్రైవర్‌ను వదిలేయాలి. ఓవర్‌క్లాక్, అంటే మామూలు కంటే పెంచిన వేగం, తీసేయాలి. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసి అమ్మిన కార్డయితే వేగాన్ని 50 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడాలి. దాంతో పడిపోవడం ఆగితే అనుమానం కార్డు మీదికో కరెంటు మీదికో వెళ్తుంది. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపి చూడాలి. ఒకే గేమ్‌లో వస్తోందా, అన్నిటిలోనా అన్నది రాసుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మార్చితే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు, తిరిగొచ్చినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం.

నా సిస్టమ్ ఇలా పడిపోవడం మొదలైంది ఒక ఏప్రిల్‌లో, విజయవాడలో. మధ్యాహ్నాలు ఎక్కువ, తెల్లవారుజామున అసలు లేదు. నేనూ ముందు డ్రైవర్‌నే అనుమానించాను, మూడు వెర్షన్లు మార్చాను. తర్వాత ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైము, గది వేడి, కార్డు వేడి రాయడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో లెక్క కనిపించింది: గది చల్లగా ఉంటే లేదు, కార్డు పూర్తి భారంతో అరగంట నడిచి కేబినెట్ లోపల వేడి నిలిచిపోతే ఉంది. కేబినెట్ పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడితే తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి కార్డు కనెక్టర్లు తీసి చూశాను. కార్డుకు రెండు పవర్ సాకెట్లు ఉన్నాయి. అసెంబుల్ చేసినప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒకే కేబుల్ లాగి, దాని కొసనే ఉన్న రెండు ప్లగ్గులను రెండింటికీ గుచ్చారు. ఒక ప్లగ్గు ప్లాస్టిక్ కాస్త రంగు మారి ఉంది. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన రెండో కేబుల్ పెట్టెలో కవర్ కూడా విప్పకుండా అలాగే ఉంది. రెండు సాకెట్లకు రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టాను, డ్రైవర్ అదే ఉంచాను. మే నెల ఎండలన్నీ గడిచాయి. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 మళ్లీ పడలేదు.