సముద్రపు బంకమట్టి: అపోహలు - వాస్తవాలు
ఈ నెలలో ఇది మూడోసారి. పగడపు దిబ్బల పక్కన లోతు సముద్రంలో తీసిన కోర్ (అడుగు మట్టి స్తంభం) మీద పనిచేస్తున్న అమ్మాయి, అనంతపురంలో నా గదికొచ్చి గ్రాఫు పరిచింది. "కయోలినైట్ పెరిగింది సార్, అంటే వేడీ వానా ఎక్కువ. కానీ అరగొనైట్ పడిపోయింది. 8 నెలల పని పోయినట్టేనా?" ఏడుపు ఒక్కటే తక్కువ. కయోలినైట్ ఒక బంకమట్టి ఖనిజం, అరగొనైట్ పగడపు దిబ్బల మీద తయారయ్యే సున్నపు ఖనిజం.

అపోహ: బంకమట్టి ఖనిజాల శాతమే ఆనాటి వాతావరణం.

వాస్తవం: ఆ మట్టి పుట్టింది నేల మీద. వాన బాగా కడిగిన ఎర్రనేలలో కయోలినైట్, వానా ఎండా మారిమారి వచ్చే చోట స్మెక్టైట్ అనే మరో బంకమట్టి ఖనిజం. కర్నూలు నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చేది స్మెక్టైట్ వల్లే. ఒక చెరువులోకి రెండు వాగులు, ఒకటి రేగడి నుంచి, ఒకటి ఎర్రనేల నుంచి వస్తున్నాయనుకోండి. కరువొచ్చి రేగడి వాగు ఎండితే చెరువు అడుగున కయోలినైట్ శాతం పెరుగుతుంది. వాన పెరిగిందా? నూటికి లెక్కగట్టే ఏ పట్టికలోనైనా ఒకటి తగ్గితే మిగిలినవి పెరిగినట్టే కనిపిస్తాయి.

అరగొనైట్ సంగతి వేరు. సముద్రమట్టం ఎక్కువగా ఉండి దిబ్బల పైభాగాలు నీట మునిగినప్పుడే అది పుష్కలంగా తయారై లోతుకు జారుతుంది. మాల్దీవుల్లో, బహామాస్‌లో చూసింది ఇదే. 20,000 ఏళ్ల కిందట మట్టం దాదాపు 120 మీటర్లు తక్కువ. ఆ దిబ్బలు పొడి గుట్టలు. మట్టం తగ్గితే ఒడ్డున బయటపడిన పాత ఎర్రమట్టీ కొట్టుకొస్తుంది. ఆ అమ్మాయి గ్రాఫులో రెండు గీతలకూ కారణం ఒకటే కావచ్చు. నియోడిమియం అనే లోహపు ఐసోటోపులతో మట్టి ఎక్కడిదో తేల్చుకోమన్నాను.

"క్లోరైట్‌ను విడదీశావా?" అని కూడా అడిగాను. క్లోరైట్ కూడా ఒక బంకమట్టి ఖనిజమే. ఎక్స్‌రే పరీక్ష గ్రాఫులో 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర క్లోరైట్, కయోలినైట్ రెండింటి శిఖరాలూ కలిసిపోతాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను మొత్తం కయోలినైట్ ఖాతాలోనే వేసుకున్నాను. మా గురువుగారు అవి విడిగా కనిపించే 3.58, 3.54 దగ్గర చూడమన్న రాత్రి నాకు అన్నం సహించలేదు.

అపోహ: కడప జిల్లా వేంపల్లె రాళ్లలోని గుండ్రటి పొరలు పగడాలు. కాదు, సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్లు. వాటి వయసు 190 కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటికి పగడాల ఊసే లేదు.

అపోహ: కడప మళ్లీ సముద్రంలో మునుగుతుంది. ఫోన్లలో తిరిగే ఈ చెత్త చూసి మా మేనత్త ఇల్లు అమ్మేయాలా అని కంగారుపడింది. భూమ్మీది మంచంతా కరిగినా పెరిగేది 70 మీటర్ల లోపే, కడప 138 మీటర్ల ఎత్తున ఉందని చెప్పాను.

"మరి మా బోరు నీళ్లు ఉప్పగా ఎందుకున్నాయి నాయనా?"

రాళ్లలోంచి కరిగిన లవణాలత్తా అన్నాను. నమ్మినట్టు లేదు.