నొప్పి తెలియని పాదం

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీలో చిన్నది అడిగిన ప్రశ్నకు నేను ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. నేను బజారు నుంచి వచ్చి వసారాలో కూర్చోగానే గచ్చు మీద ఎర్రటి మచ్చలు చూసి మీరంతా కంగారుపడ్డారు. చెప్పు విప్పి చూస్తే అడుగు నుంచి మేకు పైకి పొడుచుకుని ఉంది. "ఇంత దూరం నడిచారు, నొప్పి పుట్టలేదా తాతయ్యా?" అని అది అడిగింది. పుట్టలేదమ్మా. ఈ షుగరు జబ్బులో నన్ను భయపెట్టే సంగతి అదే.

ఇంటికి వచ్చిన బంధువులందరూ నా ముందు నుంచి ఛెనాపోడ మిఠాయి పళ్లెం తీసేస్తారు గానీ, నా పాదాల వంక చూసేవారు ఒక్కరూ లేరు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. నరాల్లో అన్నిటికన్నా పొడవైనవి పాదాలకు వెళ్లేవి కనుక సాధారణంగా ముందు అక్కడే తిమ్మిరి, మంట మొదలై, తరువాత స్పర్శ పోతుంది. రక్తప్రసారం కూడా తగ్గితే చిన్న గాయమైనా మానదు, చీము పడుతుంది; కాలు తీసేయవలసి రావడం చాలామందికి ఇలాంటి చిన్న గాయంతోనే మొదలవుతుంది. కంటి వెనక పొర రెటీనాలోనూ మూత్రపిండాల్లోనూ ఉన్నవి అలాంటి సన్నని నాళాలే, అవీ నొప్పి లేకుండానే చెడిపోతాయి. అందుకే ఏటా ఒకసారి కంట్లో మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను పోతోందేమో పరీక్ష చేయించుకోవాలి. రక్తపోటు సంగతి సరేసరి.

నా తప్పూ చెప్పాలి. ఒంట్లో బాగానే ఉంది కదా అని కొన్నేళ్లపాటు మాత్రలు ఒక వారం వేసుకుని మరో వారం మానేసేవాణ్ణి. రక్తపరీక్షకు ముందు రెండు రోజులు అన్నం తగ్గించి, మంచి అంకె తెప్పించుకుని మురిసిపోయేవాణ్ణి. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష దగ్గర ఆ తెలివి సాగలేదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, దానికి అంటుకున్న చక్కెరను ఆ పరీక్ష కొలుస్తుంది గనుక గడిచిన రెండు మూడు నెలల సగటు బయటపడుతుంది. అది 7 శాతం లోపు ఉండాలని ఎక్కువమందికి చెబుతారు. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో సగటు 7.9 ఉన్నవారితో పోలిస్తే 7.0 ఉన్నవారిలో సన్ననాళాల ఉపద్రవాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. తేడా ఒక అంకె కూడా లేదు, చూశారా!

అయితే మరీ దిగినా ప్రమాదమే. నాకు చెమటలు పట్టి చేతులు వణికితే, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గిందేమోనని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వండి. పావుగంట తరువాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

చోడి (రాగి) అంబలి తాగితే షుగరు దరికి రాదని మా వీధిలో గట్టి నమ్మకం. చోళ్లలోనూ పిండిపదార్థమే ఉంది కాబట్టి గ్లాసుల లెక్క తప్పదు.

ఆ మేకు గాయం మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు రోజూ రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడుచుకుంటున్నాను; చెప్పులు దులపనిదే వేసుకోవడం లేదు. నడుము వంగక నా అరికాలు నాకే కనబడదు. మీ నాయనమ్మకు చూపు ఆనదు. దసరాకు వచ్చినప్పుడు అద్దం పట్టుకునే పని మీలో ఒకరిది.

మీ తాతయ్య