కేరోసు వంశస్థులు: నెతీనీయుల గురించి అపోహలు - వాస్తవాలు

ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయం పైకి చదవమంటే బైబిలు క్లాసులో ఎవరూ ముందుకు రారు. ఆ పేర్లకు నోరు తిరగదు. 43వ వచనం నుంచి, బబులోనులో చెర (బందీ జీవితం) తర్వాత యూదాకు తిరిగొచ్చిన మందిర సేవకుల జాబితా మొదలవుతుంది. వాళ్లే నెతీనీయులు. అందులో నాలుగో పేరు కేరోసు. బైబిల్లో ఆ పేరు ఇక్కడా, నెహెమ్యా 7లోనూ తప్ప ఇంకెక్కడా లేదు. అయినా ఆయన మీద, ఆ గుంపు మీద ప్రసంగాల్లో వినిపించే కథలకు కొదవ లేదు. పాత నిబంధన పాఠాలు చెప్పే నా దగ్గరికి పదే పదే వచ్చేవి ఇవి.

అపోహ: కేరోసు ముసలితనంలో, తిరిగొచ్చినవాళ్ల నాయకుడు జెరుబ్బాబెలు వెంట బబులోను నుంచి నడిచి వచ్చాడు.

వచనంలో ఉన్నది "కేరోసు వంశస్థులు" అని. కేరోసు మూలపురుషుడు. మనకు ఇంటిపేరు ఎలాగో వాళ్లకు ఆ పేరు అలాగ. పైగా ఆ పేరు చెరకు ముందే యూదాలో ఉందనడానికి బైబిలు బయట ఒక ఆధారం దొరికింది. నెగెవు ప్రాంతంలోని అరాదు కోటలో 1960లలో యోహానాన్ అహరోని తవ్వకాలు జరిపినప్పుడు, సిరాతో రాసిన కుండ పెంకులు బయటపడ్డాయి. కొన్ని ఎల్యాషీబు అనే కోట అధికారికి వచ్చిన ఉత్తరాలు. క్రీ.పూ. 600 ప్రాంతానివి. వాటిలో 18వ నంబరు ఉత్తరం, షెమర్యాకు ఇంత ఇవ్వు, ఆ కేరోసీయుడికి ఇంత ఇవ్వు అంటుంది. చివర్లో ఒకతను "యెహోవా మందిరంలో ఉన్నాడు" అన్న మాట కూడా ఉంది.

కేరోసీయుడు, మందిరం రెండూ ఒకే పెంకు మీద కనబడేసరికి, ఇతను ఎజ్రా జాబితాలోని కుటుంబం వాడేనని చాలామంది పండితులు భావించారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. కానీ పెంకు మీద నెతీనీయుడు అన్న మాట లేదు. కాబట్టి "పురావస్తు శాఖ రుజువు చేసేసింది" అని మైకులో అనకండి. అది బలమైన ఊహ, అంతే.

అపోహ: నెతీనీయులంటే గిబియోనీయులే.

ఇది ఎంతగా పాతుకుపోయిందంటే, కాదంటే నన్నే అనుమానంగా చూస్తారు. యెహోషువ 9లో గిబియోనీయులను కట్టెలు కొట్టడానికి, నీళ్లు తోడడానికి నియమించిన మాట నిజమే. తర్వాతి కాలంలో తల్మూదు (యూదుల బోధల గ్రంథం) పండితులు ఆ రెండు గుంపులనూ ఒకటి చేశారు. బైబిలు మాత్రం ఎక్కడా అలా అనదు. ఎజ్రా 8:20 ప్రకారం నెతీనీయులను, మందిర సేవ చేసే లేవీ గోత్రం వాళ్లయిన లేవీయులకు సాయంగా ఏర్పాటు చేసింది దావీదు, ఆయన అధిపతులు. అదీగాక నెహెమ్యా 7:25 చూడండి. గిబియోను వంశస్థులు 95 మంది మామూలు ప్రజల లెక్కలో విడిగా ఉన్నారు.

పేర్లను బట్టి చూస్తే ఇది రకరకాల మూలాల నుంచి వచ్చిన జనం. సీసెరా కనానీయుల సేనాధిపతి పేరు. మెహూనీము ఉజ్జియా యుద్ధం చేసిన జాతిని గుర్తుచేస్తుంది (2 దినవృత్తాంతములు 26:7). యుద్ధఖైదీల సంతానం కూడా ఇందులో ఉండే అవకాశం ఉంది. ఇంకో సంగతి, నీళ్లు మోయడమే వీళ్ల పని అని కూడా రాసి లేదు. లేవీయుల సేవలో తోడ్పాటు అని మాత్రమే ఉంది.

అపోహ: వాళ్లు వెట్టివాళ్లు, విలువ లేనివాళ్లు.

మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు దొరల దగ్గర వెట్టిచాకిరీ చేసినవాళ్లే. అందుకే ఈ పోలిక చెప్పగానే సభ కదిలిపోతుంది. కానీ పోలిక సగమే కుదురుతుంది. పర్షియా రాజు అర్తహషస్త యాజకులతో పాటు నెతీనీయులకూ పన్ను మాఫీ చేశాడు (ఎజ్రా 7:24). వాళ్ల నివాసం మందిరానికి దగ్గర్లో, ఓపెలులో. నెహెమ్యా 10లో ఒప్పందానికి కట్టుబడి ప్రమాణం చేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. అంతమాత్రాన అంతా బాగుందనీ కాదు. జాబితాలో వాళ్ల చోటు ద్వారపాలకుల కన్నా కింద. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల ధర్మ నియమాల సంకలనం మిష్నా అయితే, ఇశ్రాయేలీయులతో వాళ్లకు పెళ్లి సంబంధం కుదరదని తేల్చింది. అంటే కాలం గడిచేకొద్దీ వాళ్ల మీద వివక్ష పెరిగినట్టే ఉంది.

అపోహ: 392 మందే కదా, లెక్కలోకి రారు.

42,360 మంది సమాజం పక్కన పెడితే చిన్న సంఖ్యే. 35 నెతీనీయ కుటుంబాలు, సొలొమోను సేవకుల కుటుంబాలు 10 కలిపితే వచ్చిన లెక్క అది. అంటే కేరోసు ఇంటి నుంచి వచ్చింది బహుశా గుప్పెడు మందే. కానీ అదే అధ్యాయంలో లేవీయులు ఎంతమంది? 74. తర్వాత ఎజ్రా యెరూషలేముకు ప్రయాణమైనప్పుడు అహవా నది దగ్గర ఆగి చూస్తే లేవీయులు ఒక్కరూ లేరు. కాసిప్యా అనే చోటికి కబురు పంపితే 38 మంది లేవీయులు, 220 మంది నెతీనీయులు వచ్చారు. రెండుసార్లూ లేవీయుల కన్నా వీళ్ల సంఖ్యే పెద్దది.

అపోహ: ఎజ్రా, నెహెమ్యా జాబితాలు కలవవు కాబట్టి అంతా కల్పితం.

మొత్తం రెండింట్లోనూ 392. నెహెమ్యాలో మూడు కుటుంబాల పేర్లు లేవు: అక్కూబు, హాగాబు, అస్నా. ఎజ్రాలో వరుస "హగాబా, అక్కూబు, హాగాబు, షల్మయి". నెహెమ్యాలో హగాబా తర్వాత నేరుగా షల్మయి. ఒకేలా ఉన్న రెండు పేర్ల మధ్య నకలు రాసేవాడి కన్ను జారితే సరిగ్గా ఆ రెండు పేర్లే ఎగిరిపోతాయి. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకు ఈ రకం తప్పు కొత్త కాదు. అస్నా విషయం వేరు, దాని పక్కన అలాంటి జంట పేరు లేదు. కేరోసు పేరు మాత్రం రెండు చోట్లా టబ్బాయోతు తర్వాత, అదే నాలుగో స్థానంలో ఉంది.