తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు చెడిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకీ, డిగ్రీ పిల్లలకీ ఇంగ్లీషు చెప్పడం నా పని. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: "తెలుగులో ఆలోచిస్తున్నాను సార్, అందుకే తప్పులొస్తున్నాయి." ఎవరు నూరిపోశారో గానీ, ముందు ఈ అపోహ పోవాలి.

అపోహ: తెలుగులో ఆలోచించడం మానేస్తేనే ఇంగ్లీషు మాటల తికమక పోతుంది.

వాస్తవం: చాలా తికమకలు తెలుగులో ఆలోచిస్తేనే విడిపోతాయి. "మస్ట్ నాట్", "డోంట్ హావ్ టు" తీసుకోండి. ఆఫీసు మెయిల్స్‌లో ఈ రెంటినీ తెగ కలిపేస్తుంటారు. "యు మస్ట్ నాట్ కమ్ ఆన్ సాటర్‌డే" అంటే శనివారం రాకూడదు. "యు డోంట్ హావ్ టు కమ్" అంటే రానక్కర్లేదు, వస్తే మీ ఇష్టం. రాకూడదు, రానక్కర్లేదు అన్న మాటల దగ్గర తెలుగు వచ్చినవాళ్లెవరూ తడబడరు కదా!

"బై", "అంటిల్" కూడా అంతే. ఐదింటిలోపు రిపోర్టు ఇవ్వాలంటే "బై ఫైవ్", ఐదింటి వరకు ఆఫీసులో ఉంటానంటే "అంటిల్ ఫైవ్". "ఐ విల్ సబ్మిట్ ఇట్ అంటిల్ ఫైవ్" అనబోయే ముందు "ఐదింటి వరకు ఇస్తాను" అని మనసులో అనుకుని చూడండి. తేడా మీకే కొడుతుంది. వినబడితే "హియర్", చెవిపెట్టి వింటే "లిజన్". అప్పిస్తే "లెండ్", తీసుకుంటే "బారో".

తెలుగులో ఒకటే ఉండి, ఇంగ్లీషులో రెండున్న చోట మాత్రం జాగ్రత్త పడాలి. మన "నుంచి" అలాంటిదే. 2019 నుంచి అన్నా, ఐదేళ్ల నుంచి అన్నా మనకి ఒకటే మాట. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్", ఎంతకాలమైందో చెబితే "ఫర్". "సిన్స్ ఫైవ్ ఇయర్స్" పుట్టింది ఇక్కడే. పైగా "పనిచేస్తున్నాను" అన్నది మనసులో ఉంటుంది కాబట్టి "ఐ యామ్ వర్కింగ్" అనేస్తాం. అక్కడ "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి.

అపోహ: ఎస్ అంటే అవును, నో అంటే కాదు. ఇందులో పొరబడేదేముంది?

వాస్తవం: నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తికమక ఇదే. "ఫైలు రాలేదా?" అని అడిగితే మనం "అవును, రాలేదు" అంటాం. అడిగిన మాట నిజమని ఒప్పుకోవడానికి మన అవును. క్లయింటు కాల్‌లో "డిడింట్ యు గెట్ ద ఫైల్?" అన్నప్పుడు అదే అలవాటుతో "ఎస్" అని ఊరుకుంటే, ఫైలు అందిందని అవతలివాళ్లు అనుకోవచ్చు. తర్వాత రెండు వైపులా టెన్షన్. రాకపోతే "నో, ఐ డిడింట్", వస్తే "ఎస్, ఐ డిడ్". వెనక క్రియ లేకుండా ఒంటరిగా ఎస్, నో అనకండి.

అపోహ: "ప్రీపోన్" (అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడం) అనే మాటే ఇంగ్లీషులో లేదు.

వాస్తవం: ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో భారతీయ ఇంగ్లీషు మాటగా చోటు దొరికింది. మనవాళ్లతో నిక్షేపంగా వాడండి. అమెరికా వాళ్లకైతే "మూవ్ అప్", బ్రిటన్ వాళ్లకైతే "బ్రింగ్ ఫార్వర్డ్" తేలిగ్గా అర్థమవుతుంది. నన్నడిగితే "డౌట్" గురించే ఎక్కువ జాగ్రత్తపడాలి. మనకి "ఐ హావ్ ఎ డౌట్" అంటే ఒక ప్రశ్న ఉందని. బయటి దేశాల వాళ్లకి మాత్రం, మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదన్నట్టు వినిపించవచ్చు. "క్వశ్చన్" అంటే ఏ గొడవా లేదు.

అపోహ: ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకి ఇలాంటి ఇబ్బందులుండవు.

వాస్తవం: ఒక విషయాన్ని "టేబుల్" చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారనీ, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేననీ అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ స్వయంగా రాశారు.

అపోహ: జంట పదాల పట్టిక బట్టీపడితే చాలు.

వాస్తవం: పరీక్షకి పనికొస్తుంది, మాట్లాడేటప్పుడు గుర్తురాదు. మీరు పంపిన పాత మెయిల్స్ పది తీసి చదవండి. మీరు మళ్లీ మళ్లీ తడబడే జంటలు అక్కడే బయటపడతాయి. వాటిని మీ పనిలో వచ్చే వాక్యాల్లోనే రాసి, పైకి చదివి సాధన చేయండి. మిగతా పట్టికతో ఇప్పుడు మీకు పనిలేదు.