దిగుమతిపై టారిఫ్ సరే, ఎగుమతిపై ఎందుకు కుదరదు?

2025 ఆగస్టులో ఎన్విడియా, ఏఎండీ కంపెనీలు చైనాకు అమ్మే కొన్ని ఏఐ చిప్‌ల రాబడిలో 15 శాతం అమెరికా ప్రభుత్వానికి ఇచ్చేలా ఒప్పందం కుదిరిందని, ఎగుమతి లైసెన్సుల కోసమే ఇదంతా అని వార్త వచ్చింది. వెంటనే అక్కడి న్యాయ నిపుణులు చాలామంది అడిగిన ప్రశ్న: ఎగుమతుల మీద పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కే (అంటే అమెరికా పార్లమెంటుకే) లేనప్పుడు ప్రెసిడెంట్‌కి ఎక్కడిది? దిగుమతుల మీద టారిఫ్ ఎంతైనా బాదే కాంగ్రెస్, బయటికెళ్లే సరుకు మీద మాత్రం ఒక్క సెంటు కూడా వేయకూడదని రాజ్యాంగం మొదటి అధికరణం 9వ సెక్షన్ ఒకే వాక్యంలో తేల్చేసింది.

ఇదేదో గొప్ప ఆర్థిక సిద్ధాంతం అనుకుంటారేమో, కాదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక పెట్టుకున్న కట్టుబాటు.

ఇప్పటి రాజ్యాంగం రాకముందు, 1781లో అమల్లోకి వచ్చిన పాత ఏర్పాటులో కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారమే లేదు, డబ్బు కావాలంటే రాష్ట్రాలను అడుక్కోవాలి. దిగుమతులపై 5 శాతం సుంకం వేసుకుంటామంటే 13 రాష్ట్రాలూ ఊ కొట్టాలి; 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే కాదనడంతో అది ఆగిపోయింది. పైగా స్వాతంత్ర్య యుద్ధం అప్పులు. దాంతో 1787లో కొత్త రాజ్యాంగం రాయడానికి రాష్ట్రాల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూర్చున్నప్పుడు కేంద్రానికి పన్నుల అధికారం ఇవ్వక తప్పలేదు. ఎంత ఇవ్వాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

దక్షిణాది రాష్ట్రాలు బతికేదే పొగాకు, బియ్యం, నీలిమందు బయటికి అమ్ముకుని. వాటిని పండించేది బానిసలు. ఓట్లు ఎక్కువున్న ఉత్తరాది వాళ్లు రేపు ఎగుమతి సుంకం వేస్తే భారమంతా మన నెత్తినే పడుతుందని వీళ్ల భయం. సౌత్ కరోలినా ప్రతినిధి చార్ల్స్ కోట్స్‌వర్త్ పింక్నీ అయితే బానిసల విడుదల నుంచీ, ఎగుమతి పన్ను నుంచీ మాకు రక్షణ రాయకపోతే వ్యతిరేకంగా ఓటేస్తానని జులైలోనే చెప్పేశాడు. రెండూ ఒకే ఊపిరిలో అన్నాడు, అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఆగస్టు 21న ఓటింగ్ పెడితే నిషేధానికి అనుకూలంగా 7 రాష్ట్రాలు, వ్యతిరేకంగా 4. వర్జీనియా బృందంలో, తర్వాత ప్రెసిడెంట్లయిన వాషింగ్టన్, మాడిసన్ ఇద్దరూ నిషేధం వద్దన్నా వాళ్ల రాష్ట్రం ఓటు నిషేధానికే పడింది. పూర్తిగా మూసేయడం కంటే మూడింట రెండు వంతుల మెజారిటీ ఉంటే వేయనిద్దామని మాడిసన్ అంతకుముందు తెచ్చిన ప్రతిపాదన 5-6తో వీగిపోయింది.

బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదు, తలకు 10 డాలర్లకు మించి పన్ను వేయకూడదు అన్న షరతు కూడా అదే సెక్షన్‌లో ఉంది. వ్యాపార నిబంధనల్లో ఒక రాష్ట్రం రేవుకు మరో రాష్ట్రం రేవు కంటే ఎక్కువ మేలు చేయకూడదన్నదీ అక్కడిదే, అది మేరీలాండ్ పట్టుబట్టి పెట్టించుకున్నది. అన్నిటి వెనకా అదే అపనమ్మకం.

ఇక్కడో తమాషా. 1861లో అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది వాళ్లు సొంత రాజ్యాంగం రాసుకుని, మూడింట రెండు వంతుల ఓటుతో ఎగుమతి పన్ను వేయొచ్చని అందులో పెట్టుకున్నారు, అంటే మాడిసన్ చెప్పిందే! తమ పత్తి మీద తామే సుంకం కూడా వేసుకున్నారు. చేతిలో ఓట్లుంటే అభ్యంతరం ఏముంటుంది?

బానిసలు పండించిన ఆ పొలాలు పోయినా వాక్యం మాత్రం అలాగే ఉంది, కోర్టులు దాన్ని చాలా కచ్చితంగా పట్టుకున్నాయి. 1986 నాటి చట్టం ప్రకారం రేవుల నిర్వహణ పేరుతో సరుకు విలువను బట్టి వసూలు చేసిన పన్నును ఎగుమతుల వరకు సుప్రీంకోర్టు 1998లో ఏకగ్రీవంగా కొట్టేసింది. ఇది పన్ను కాదు, వాడుకున్నందుకు ఫీజు అని ప్రభుత్వం వాదించింది. ఫీజు అయితే రేవును ఎంత వాడుకున్నారో దాన్నిబట్టి ఉండాలి, పెట్టెలో ఉన్న సరుకు ఖరీదును బట్టి కాదు కదా అంది కోర్టు. దిగుమతిదారులు మాత్రం ఇప్పటికీ కడుతూనే ఉన్నారు.

చిప్‌ల 15 శాతం కూడా అమ్మకం విలువను బట్టే కాబట్టి ఆ తీర్పు గుర్తుకు రావడం సహజం. కంపెనీలు ఇష్టపడి ఇచ్చేది పన్ను ఎలా అవుతుందన్నది అవతలి వాదన, నాకది అంత బలంగా అనిపించదు. లైసెన్సు చేతిలో పెట్టుకుని అడిగితే ఎవరు కాదంటారు? కానీ కోర్టుకు వెళ్లాలంటే నష్టపోయినవాళ్లు వెళ్లాలి. ఒప్పుకున్న కంపెనీ కేసు వేసి, చైనా అమ్మకాలు మొత్తం పోగొట్టుకోవాలని ఎందుకనుకుంటుంది?