జింకు లోపాన్ని రంగులో చూపించే బాక్టీరియా

రక్తహీనత ఉందో లేదో తెలుసుకోవడానికి వేలి కొన నుంచి తీసిన ఒక్క చుక్క రక్తం చాలు. జింకు విషయంలో అంత సులువైన పరీక్ష లేదు. పదేళ్లలోపు పిల్లల సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో), ఉదయం పూట తీసిన నమూనాలో, 100 మిల్లీలీటర్లకు 65 మైక్రోగ్రాముల కంటే తక్కువ జింకు ఉంటే లోపం ఉన్నట్లు లెక్కిస్తారు. అంత కొద్ది పరిమాణాన్ని కొలవడానికి ఖరీదైన యంత్రాలున్న ప్రయోగశాల కావాలి. పైగా రక్తం పట్టిన గొట్టానికున్న రబ్బరు మూత నుంచో గాలిలోని దుమ్ము నుంచో కాస్త జింకు కలిసినా లెక్క తప్పుతుంది. మన దేశంలో 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే 1–4 ఏళ్ల పిల్లల్లో 19 శాతం మందికి జింకు లోపం ఉన్నట్లు తేల్చింది కానీ, ఫలానా ఊరి పిల్లల పరిస్థితి ఏమిటో ఆ అంకె చెప్పలేదు.

అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో మార్క్ స్టిచిన్‌స్కీ బృందం ఈ పనిని ఈ. కోలై బాక్టీరియాకు అప్పగించింది. నిజానికి ఆ బాక్టీరియాకు జింకును కొలవడం కొత్త విద్యేమీ కాదు. ఇంట్లో బియ్యం నిండుకుంటున్నాయని ముందే గమనించే ఇల్లాలిలా, దానిలోని జుర్ అనే ప్రొటీను జింకు నిల్వపై కన్నేసి ఉంచుతుంది. జింకు తగినంత ఉన్నంతకాలం అది డీఎన్‌ఏను పట్టుకుని, బయటి నుంచి జింకును తెచ్చే జన్యువులను నోరెత్తనివ్వదు. జింకు తగ్గగానే పట్టు వదిలేస్తుంది. జింకు మితిమీరినప్పుడు దాన్ని బయటకు పంపే జన్యువును మేల్కొలిపేది జింట్‌ఆర్ అనే మరో ప్రొటీను.

ఈ రెండు కాపలాదారుల ఆజ్ఞలకు పరిశోధకులు రంగులు తయారుచేసే జన్యువులను ముడివేశారు. 2015లో వారు ప్రకటించిన బాక్టీరియా జింకు తక్కువైతే ఊదా రంగుకు, మధ్యస్థంగా ఉంటే టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ రంగుకు, ఎక్కువైతే క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నారింజ రంగుకు మారుతుంది. లైకోపీన్‌ను బీటా కెరోటిన్‌గా మార్చడానికి ఒకే ఒక్క ఎంజైము చాలు. ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ పొదుపే.

అయితే, బతికున్న బాక్టీరియా రంగు తేలడానికి సమయం పడుతుంది, దాన్ని పోషించాలి, పైగా బాక్టీరియాను చంపే గుణం సీరానికే ఉంది. అందువల్ల ఆ బృందం తర్వాత బతికున్న బాక్టీరియాను పక్కనపెట్టి, దాని కణాలను చిదిమి తీసిన సారంతో పరీక్షను నడిపింది. ప్రొటీన్లు తయారుచేసే యంత్రాంగం ఆ సారంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని గడ్డకట్టించి ఎండబెట్టి దాచుకుని, అవసరమైనప్పుడు తడిపితే పని మొదలవుతుంది. 2019లో వెలువడిన ఈ రూపంలో పసుపు నుంచి ఊదాకు మారే రంగు సుమారు గంటలో కంటికి కనిపిస్తుంది.

అసలు చిక్కు జింకును గుర్తించడంలో కాదు, మనుషుల రక్తం ఒక్కో తీరుగా ఉండటంలో ఉంది. ఒకే పరిమాణంలో జింకున్న ఇద్దరి సీరాలు కూడా ఆ సారం పనితీరును వేర్వేరుగా మందగింపజేస్తాయి కాబట్టి, అందరికీ ఒకే రంగుల పట్టిక పెట్టి పోల్చడం కుదరదు. దీనికి విరుగుడుగా, పోల్చి చూసుకునే రంగుల మెట్లను కూడా అదే వ్యక్తి సీరంలోనే తయారుచేశారు.

ఇంతా చేసి సీరంలో జింకు తగ్గిందని తేలినా, అది తిండిలోని లోపం వల్లే కాకపోవచ్చు: జ్వరమో ఇన్ఫెక్షనో సోకినప్పుడు శరీరమే జింకును రక్తం నుంచి కాలేయానికి తరలిస్తుంది. అందుకే పోషకాహార సర్వేలలో జింకుతో పాటు ఒంట్లోని వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే సీఆర్‌పీ ప్రొటీనును కూడా కొలుస్తారు. రంగు మార్చే ఈ పరీక్ష పక్కన కూడా అలాంటి మరో చుక్క పరీక్ష ఉండాల్సిందే.