రెండు తలల పాము నాలుక ఎటు?

"అన్నా, రెండు తలల పాము దొరికింది. ఎంతకు పోతది?"

పాలమూరులో పాములను కాపాడే మా బృందానికి ఇలాంటి ఫోన్లు కూడా వస్తుంటాయి. ఇంట్లో నాగుపాము దూరిందని ఫోన్ చేసేవాళ్లకు పాము పోతే చాలు. వీళ్లకేమో అది పోతుందేమోనని టెన్షన్. దీన్ని అమ్మితే కోట్లు వస్తాయని ఎవడో చెప్పి ఉంటాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టుకోవడమూ అమ్మడమూ నేరమని మాత్రం చెప్పి ఉండడు.

మొన్న కల్వకుర్తి వైపు వేరుశనగ చేనులో దొరికినదాన్ని గంపకింద మూసిపెట్టారు. తీసి చూస్తే మూరెడు పైన ఉంది, ఎర్రమట్టి రంగు. చుట్ట చుట్టుకుని తల లోపల దాచి, మొద్దు తోకను పైకెత్తింది. దాని కిటుకంతా ఇదే. శత్రువు తోకను కొరికితే తల దక్కుతుంది. అందుకే వయసు మళ్లిన పాముల తోకలపై గాట్లుంటాయి. మన కళ్లకు ఆ గాట్లే కళ్లూ నోరూ అవుతాయి.

"ఆర్నెల్లు ఇటు, ఆర్నెల్లు అటు నడుస్తదంట కదా సార్?" అన్నాడు ఓ పిల్లవాడు.

ఎదురుగా ఉన్న గూనపెంకుల ఇల్లు చూపించాను. పై పెంకు అంచు కింది పెంకు మీదకు వస్తుంది, వాన జారిపోతుంది. పాము పొట్ట కింది పొలుసులూ అంతే, అంచులన్నీ తోకవైపే. ముందుకు పాకుతుంటే జారతాయి, వెనక్కి జారబోతే నేలను పట్టుకుంటాయి. ఆర్నెల్లకోసారి దిశ మారాలంటే కప్పు మొత్తం విప్పి తిరగేసి నేయాలి. కప్పు ఒక్కటే మారితే సరిపోదు. తలకు దగ్గరగా ఉన్న గుండె, తోక మొదట్లో ఉన్న మలద్వారం, మధ్యలో పేగులు, అన్నీ చోటు మార్చుకోవాలి. మెదడు సంగతి సరేసరి!

"మరి తల ఏదో ఎట్ల తెలుస్తది?"

నాలుక కోసం చూడమన్నాను. చీలిన నాలుక గాలిలోని, నేలమీది వాసన రేణువులను అందుకుని నోటి పైకప్పులోని జాకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. ఆ అవయవం తలలోనే ఉంటుంది, తోకలో ఉండదు. నిజంగా రెండు తలలతో పుట్టే పాములు అరుదుగా ఉంటాయి కానీ, ఆ రెండూ సాధారణంగా ఒకే వైపు ఉంటాయి.

మన గంపకింది పాముకు విషం లేదు, గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఎలుకలను చుట్టి బిగించి మింగుతుంది.

అటవీ సిబ్బంది వచ్చాక చేను గట్టున వదిలాం. పిల్లవాడు మోకాళ్లమీద కూర్చుని చూస్తున్నాడు. కాసేపు కదల్లేదు. తర్వాత నల్లటి నాలుక ఒకసారి బయటికొచ్చింది.

"ఇటే సార్!" అని అరిచాడు.

పార మొనలాంటి ముట్టె మట్టిలో దూరింది. మొద్దు తోక అన్నిటికన్నా చివర లోపలికి పోయింది.